ఫిరీదానికి జమానత్

బాన్సువాడ బస్టాండు ఎదుటి షట్టర్లలో పెళ్ళికార్డులూ ఫ్లెక్సీలూ చేసే మా అందరి కంప్యూటర్లలో ఒకటే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని పుట్టించిన దేశంలో దానికేదో మంచి పేరుంది. ఇక్కడ మాత్రం అందరూ 'ఫిరీది' అంటారు. పైసా పెట్టకుండా వచ్చినదానికి పేరు పెట్టి పిలవనక్కర్లేదని మావాళ్ళ అభిప్రాయం.

దాన్ని ఇక్కడికి తెచ్చింది నేనే. అంతకుముందు అందరూ వేరొకదాని దొంగ కాపీ వాడేవాళ్ళు. అందులో తెలుగు పక్కన ఉర్దూ పెడితే ఉర్దూ అక్షరాలు విడిపోయి ఎవరికివారే నిలబడేవి. నికా కార్డుకు మా దగ్గర రెండు లిపులూ కావాలి. పెళ్ళికొడుకు తరఫు పెద్దలు ఉర్దూ చదువుతారు, వీధిలోవాళ్ళు తెలుగు చదువుతారు. అందుకని ఉర్దూ ముక్కను నిజామాబాద్‌లో చేయించి, బొమ్మలా తెచ్చి అతికించేవాళ్ళు.

ఫిరీదాన్ని తయారుచేసేవాళ్ళు దేశానికొకరు చొప్పున ఉన్నారు. జీతం లేదు, ఎవరైనా చేయి వేయవచ్చు. నేను వేశాను. మెనూలన్నీ తెలుగులోకి రాశాను. గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ కూర్చుని, ఉర్దూ తెలుగు ఒక వరుసలో తగువు లేకుండా ఉండేట్టు చేశాను. దానికి రెండేళ్ళు పట్టింది. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళిలో వడ్డించడానికి లేచినవాడినే కదా కూరలో ఉప్పెందుకు తగ్గిందని అడుగుతారు. అయినా ఒక్కరి నోట, ఒక్కసారి, బాగుందన్న మాట వినాలని నాకు మహా ఆశగా ఉండేది.

నా పని కూడా కలిసిన పెద్ద వర్షన్ వస్తోందని మాత్రం నేనే చాటాను. పెద్దది అనగానే ఎవరి కోరికలు వాళ్ళు దానిమీద వేశారు. ఫ్లెక్సీల సంగీతక్క ఇక కరెంటు పోయినా పని ఆగదనుకుంది. ఫోటో స్టూడియో ఆతిఫ్ భాయ్, పెళ్ళికొడుకుల రంగు దానంతటదే తేలుతుందని గిరాకీలకు మాట కూడా ఇచ్చేశాడు. వర్ని నుంచి ఒకాయన ఫోన్ చేసి, అది ఎక్కిస్తే పాత కంప్యూటర్ కొత్తదవుతుందా అని అడిగాడు. కాదన్నాను. ఆయనకు నా మీద నమ్మకం తగ్గింది కానీ వర్షన్ మీద తగ్గలేదు.

చివరికి వచ్చింది. ఉర్దూ, తెలుగు ఒకే వరుసలో ముత్యాల్లా కూర్చున్నాయి. ఎవరూ చూడలేదు. ప్రింట్ బటన్ ఎడమ నుంచి కుడికి పోయింది. దాన్ని మాత్రం అందరూ చూశారు. దానంగా వచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టడం మావాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నిజమైన తప్పు కూడా ఒకటుంది, కాదనను. పాత ఫైలు తెరిస్తే కాగితం అడుగున అచ్చు కొంచెం తెగిపోతోంది. ఆతిఫ్ భాయ్ అది గమనించకుండా తన చెల్లెలు రఫియా నికా కార్డులు అచ్చేశాడు. అన్నింటిలోనూ ఫంక్షన్ హాల్ పేరు సగమే పడింది. పెళ్ళి ఎవరిదో, ఎప్పుడో తెలుస్తుంది, ఎక్కడో తెలియదు.

గొడవ వెంకట్రాములు పటేల్ దగ్గరికి పోయింది. ఆయన మా షట్టర్ల యజమాని. కోటగిరిలో వరి, ఇక్కడ కిరాయిలు. ఈ వరుసలో ఏ తగువైనా ఆయనే తీరుస్తారు, ఆయన పద్ధతి కూడా ఒకటే. చెడిపోయిన వస్తువుకు జమానత్ ఎవరని అడుగుతారు. విత్తనం మొలవకపోతే అమ్మినవాడి తరఫున ఒకరు పూచీ పడాలి. మోటారు కాలిపోతే బాగుచేసినవాడి బావైనా వచ్చి నిలబడాలి. మనిషి నిలబడితే గడువిస్తారు. ఎవరూ నిలబడకపోతే ఆ వస్తువు మళ్ళీ ఈ షట్టర్లలో కనబడకూడదు.

చాయ్ హోటల్లో కూర్చున్నాం. నేనూ ఆతిఫ్ భాయ్ మామూలుగా ఉర్దూలోనే పోట్లాడుకుంటాం. పటేల్ ముందు కనుక తెలుగులో పోట్లాడాం. ఆయన కార్డు తిరగేసి చూసి, దీన్ని అమ్మినవాడెవడని అడిగారు. ఎవరూ అమ్మలేదు, ఊరికే ఇచ్చారని చెప్పాను.

"మరి ఇచ్చినోనికి జమానత్ ఎవలు?" అన్నారు.

సంగీతక్క ఫోన్‌లో వెతికి ఫిరీది మొదటి పేజీ చదివి వినిపించింది. దీనికి ఎవరి పూచీ లేదు, బాగా పనిచేస్తుందన్న మాట కూడా ఎవరూ ఇవ్వడం లేదు అని అందులో స్పష్టంగా తెలుగులో ఉంది. ఆ తెలుగు నాదే. రాసిన రోజు వాక్యం ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను. హోటల్లో ఎవరూ మురవలేదు.

పటేల్ గడ్డం గోక్కున్నారు. పూచీ లేదని ముందే రాసిపెట్టిన వ్యాపారిని తాను ఇంతవరకు చూడలేదని, అందులో ఒక నిజాయితీ కూడా ఉందని, అయినా అలాంటి సామాను మనకు వద్దని అన్నారు. అందరూ పాత దొంగ కాపీకే మళ్ళాలని తీర్పు. దొంగ కాపీకి జమానత్ ఎవరని అడిగాను. నిజామాబాద్ నుంచి తెచ్చి ఎక్కించే మనిషి ఉన్నాడు, పిలిస్తే వస్తాడన్నారు.

అందరూ లేస్తున్నారు. నా రెండేళ్ళ పని సాయంత్రానికల్లా ఈ షట్టర్లలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఉర్దూ మళ్ళీ నిజామాబాద్ బస్సెక్కుతుంది. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నేనుంట జమానత్," అన్నాను.

"నువ్వెట్లుంటవ్ ఉమేరా? దాన్ని నువ్వేమన్న జేసినవా?" అన్నాడు ఆతిఫ్ భాయ్.

"మొత్తం చెయ్యలే. రఫియా పేరున్నకాడ సూడు భాయ్. ఉర్దూ, తెలుగు ఒక్క లైన్ల కూసున్నయ్. గది నేను జేసిన."

ఆతిఫ్ భాయ్ కార్డును కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఉర్దూలో ఉన్న చెల్లెలి పేరు మీద వేలు పెట్టాడు, తర్వాత పక్కనున్న తెలుగు పేరు మీద. ఒక్క అక్షరం విడిపోలేదు.

పటేల్ మళ్ళీ కూర్చుని తీర్పు మార్చారు. ఫిరీది ఉంటుంది. హాల్ పేరు స్టిక్కరు మీద అచ్చేసి అంటించుకోవాలి. ఇకపై ఏ తప్పొచ్చినా జమానత్ ఉమేరా. నన్ను ఒకసారి చూసి, సమజైందా బిడ్డా అన్నారు. తలూపాను.

ఆతిఫ్ భాయ్ ఇంకా కార్డే చూస్తున్నాడు.

"గిది మంచిగనే ఉన్నది గని," అన్నాడు, "గా ప్రింట్ బటన్ ఎందుకు జరిపినవ్?"

ఆ బటన్ జరిపింది నేను కాదు. జరిపినాయన ఏ దేశంలో ఉంటాడో కూడా తెలియదు. కానీ జమానత్ ఉన్నవాళ్ళు అట్లా అనకూడదు. మళ్ళీ అక్కడే పెట్టిస్తానన్నాను. ఆతిఫ్ భాయ్ పక్కకు జరిగాడు, వెనకున్నవాళ్ళు తలో ఫిర్యాదుతో ఒక్కొక్కరే ముందుకొచ్చారు.