ఇహ్సాన్ డాక్టరమ్మ వంతు

ఉప్పు వేసిన వేడినీళ్ళ బకెట్లో వాచిన కాళ్ళు పెట్టుకుని ఇహ్సాన్ బెండకాయలు తరుగుతోంది. ఎదురుగా పంచదార డబ్బాకు ఆనించి ఫోను. ఖార్తూమ్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగా కాన్పులు చేసినన్నాళ్ళూ ఆమె వంటింటి ముఖం ఎరగదు. యుద్ధం తరిమితే కైరోలోని ఈ ఇరుకు వాటాలోకి వచ్చిపడ్డాక, వంటా వైద్యమూ ఒకే బల్ల మీదికి చేరాయి. తలో దేశానికి చెదిరిపోయిన సూడాన్ డాక్టర్లు కొందరు జీతం బత్తెం లేకుండా వంతులు వేసుకుని, ముట్టడిలో చిక్కిన ఊళ్ళకు ఫోనులో వైద్యం చెబుతున్నారు. ఈ పూట ఆమె వంతు.

"నీ గుండె బాగోలేదమ్మా, ఇవాళైనా మానుకో," అంది కూతురు రబాబ్, కుట్టుపనికి బయలుదేరుతూ.

"కొట్టుకోవడానికి దానికీ ఏదో పని ఉండాలి కదే."

కూతురు మెట్లు దిగిందో లేదో ఫోను మోగింది. సూడాన్‌లో ముట్టడిలో ఉన్న కొర్దొఫాన్ నుంచి మంత్రసాని కల్తూమా. సగం కూలిన బడిలో కాన్పు చేసింది.

"డాక్టరమ్మా, బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగట్లేదు. ఉన్న ఒక్క సూదిమందూ ఇచ్చేశాను. పొట్ట పిసికి పిసికి చేతులు పడిపోయాయి."

బొమ్మ రావడం లేదు. మాట మాత్రం తెగుతూ వస్తోంది. ఇహ్సాన్ కత్తి కింద పెట్టింది.

"కంగారుపడకు తల్లీ. మూత్రం గొట్టం ఉందా? నిరోధ్?"

వెనకనుంచి ఓ ముసలి గొంతు లేచింది. "నా కోడలు ప్రాణం పోతుంటే నిరోధ్ ఎందుకే? సిగ్గులేని మాటలు!"

"అత్తా, నువ్వు దాని చెయ్యి పట్టుకుని దేవుణ్ణి తలుచుకో. డాక్టరమ్మ మాట విననీ," కసిరింది కల్తూమా. "రెండూ ఉన్నాయి డాక్టరమ్మా."

"నిరోధ్‌ను గొట్టం కొసకి తొడిగి దారంతో బిగించు. గర్భసంచిలోకి పోనిచ్చి సెలైను ఎక్కించు. తిత్తిలా ఉబ్బి లోపలినుంచి నొక్కుతుంది. మెల్లగా... మెల్లగా..."

చెబుతుంటే ఇహ్సాన్ చేతులు గాలిలో ముడి వేశాయి, గొట్టం నెట్టాయి. బెండ జిగురంటిన వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు.

మాట తెగిపోయింది. బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయి. ఆమె కాళ్ళు తీయలేదు.

మళ్ళీ మోగింది.

"ఆగింది డాక్టరమ్మా! మంచినీళ్ళు అడుగుతోంది!"

ముసలామె ఫోను లాక్కుంది. "ఇందాక నోరు జారాను, ఏమనుకోకమ్మా. దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి."

"నా చేతులు బెండకాయల్లో ఉన్నాయమ్మా," ఇహ్సాన్ పకపకా నవ్వింది. "కాపాడింది మీ కల్తూమా చేతులు. ఎవరనుకున్నావు దాన్ని? నా శిష్యురాలు!"

కూర వండి పొయ్యి ఆర్పి, ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దువాలాక వచ్చిన రబాబ్, అమ్మ నిద్రపోతోందనుకుని చప్పుడు చేయకుండా చెప్పులు విప్పింది. దుప్పటి కప్పబోతే చెయ్యి చల్లగా తగిలింది.

మర్నాడు కల్తూమా ఫోను చేస్తే వేరే డాక్టరు పలికి సంగతి చెప్పాడు.

"అయ్యా, రక్తం ఆగట్లేదని చుట్టుపక్కల మంత్రసానులు ఎవరు అడిగినా నా దగ్గరికి పంపండి," అంది కల్తూమా. "ఇహ్సాన్ డాక్టరమ్మ నేర్పిన పని. నాకొచ్చు. నేర్పుతాను."

బల్ల సర్దుతుంటే రబాబ్‌కు అమ్మ కళ్ళజోడు దొరికింది. విరిగిన కాడను అమ్మే ఎప్పుడో గాయాలు కుట్టే నల్లదారంతో కట్టుకుంది. ఆ చిన్న ముడి, ఎంత లాగినా సడలలేదు.