మా గుమ్మం ముందు ఆగిన పాట

మా ఆయన తొకుజికి ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉండేది. సోయా జున్ను, అదే టోఫు, చేసి అమ్మే మా కొట్లో బానల దగ్గర జారిపడి విరగ్గొట్టుకున్నాడు. కట్టించుకోమని ముప్పై ఏళ్ళు పోరాను, వింటేగా! పండుగ పాట మధ్యలో పైకి లేచే స్వరం ఒకటుంది. పిల్లనగ్రోవి ఊదినా, నోటితో పాడినా అక్కడ ఆయన గాలి ఆ సందులోంచి జారి, స్వరం కాస్త తొట్రుపడేది. అది పాటలో భాగమే అనుకునేవారు ఊళ్ళో అందరూ. తప్పని నాకొక్కదానికే తెలుసు.

ఆయన మే నెలలో పోయాడు. ఆ పాట ఊదడం వచ్చినవాడు ఇప్పుడు ఊళ్ళో ఒక్కడే, బడిలో ఇంగ్లీషు చెప్పే ఐర్లండు మాస్టారు డెక్లాన్. మూడేళ్ళుగా ఏటా పండుగ ముందు నెలలో రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి, మా ఆయన పాడుతుంటే పక్కన కూర్చుని పట్టుకున్నాడు. రెండు వరసల పళ్ళూ నిక్షేపంగా ఉన్నా, ఆ తొట్రుపాటుతో సహా మక్కికి మక్కి నేర్చాడు. వచ్చే మార్చిలో బడి మూసేస్తున్నారు, మాస్టారు వేరే ఊరు వెళ్ళిపోతున్నాడు. పై ఏడు నుంచి పక్క ఊరివాళ్ళ పాటేదో స్పీకరులో వేస్తారట.

కాబట్టి ఈ అక్టోబరు శని, ఆదివారాలే ఆఖరు. ఆ తొట్రుపాటు ఇంకొక్కసారి వినాలి. నాకింకేం అక్కర్లేదు.

కానీ మాది ఏడాది తిరగని ఇల్లు. మైల ఉన్నవాళ్ళు గుడి వాకిలి దాటకూడదు, పండుగలోకి వెళ్ళకూడదు. దేవుడి పల్లకి మా వీధిన వచ్చినా, మా ఇంటి ముందు పాటా కేకలూ ఆపేసి తల వంచుకుని దాటిపోవాలి. ఈ సంగతి మాస్టారికి బాగా తెలుసు. చెప్పింది నేనే కదా మరి. మాస్టారు పిల్లనగ్రోవి పట్టిన మొదటి ఏడు, మంగలి కజియోక వాళ్ళమ్మ పోయిన ఇంటి ముందు మా ఆయన ఊదడం ఆపినా, పక్కన ఈయన కళ్ళు మూసుకుని ఊదుతూనే ఉన్నాడు. నలభైమంది ఎదుట చొక్కా పట్టుకుని లాగాను.

"ఏమయ్యా, ఏడుస్తున్న ఇంటి ముందు పాటేంటయ్యా? మీ దేశంలో చావులుండవా?"

పాపం, చెవులు ఎర్రగా కందిపోయాయి.

ఈసారి శనివారం గాలి అటు తిరిగింది. ఎంత చెవి రిక్కించినా డోలు తప్ప పిల్లనగ్రోవి అందలేదు. ఆదివారం మధ్యాహ్నం పక్కింటి హత్సునొ పెరటి తలుపు దగ్గరికొచ్చి గుసగుసలాడింది.

"వదినా, పల్లకి వంతెన దాకా వచ్చేసింది. ఆ మాస్టారు మళ్ళీ మర్చిపోయి ఊదేస్తాడేమో! పరుగెత్తి చెవిలో వేసి రానా?"

"నీకెందుకే అంత ఆరాటం? మోకాళ్ళ నొప్పులని పొద్దుట్నుంచి మూలుగుతున్నావుగా, కూర్చో."

"అది కాదొదినా, మీ ఇంటికే కదా మర్యాద తక్కువ..."

"కూర్చోమన్నానా!"

కూర్చుంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, మాస్టారు మర్చిపోవాలనే మొక్కుకున్నాను. పరదేశి కదా, మర్చిపోతే ఎవరూ ఏమీ అనరు. ముందే అడిగితే ఊదేవాడేమో. కానీ అంతమందిలో తిట్టి నేర్పిన నోటితో, ఇప్పుడు నా కోసం తప్పు చెయ్యమని ఎలా అడగను?

మూసిన తలుపు వెనక మెట్టు మీద కూర్చున్నాను. పాట వంతెన దాటింది, మంగలి కొట్టు దాటింది. నా లెక్క ప్రకారం ఆ స్వరం సరిగ్గా మా గుమ్మం ముందు పడాలి. ఒళ్ళంతా చెవులు చేసుకున్నాను. మా ఆయనే ఇంటికొస్తున్నట్టుంది. ఇంకొక్క రెండు ఊపిర్లు...

మా గోడ మొదలయ్యే చోట పాట ఆగిపోయింది.

చెప్పుల చప్పుడు, మోసేవాళ్ళ రొప్పు, అంతే. తలుపు సందులోంచి చూశాను. మాస్టారు పిల్లనగ్రోవిని రెండు చేతులా గుండెకు ఆనించుకుని, నడుం వంచి నడుస్తున్నాడు. మా ఊరివాళ్ళు కూడా అంత వంగలేదు. వీధి మలుపు తిరిగాక పాట మళ్ళీ మొదలయింది, మొదటి నుంచీ. ఆ స్వరం వచ్చే వేళకి వాళ్ళు నాకు వినబడనంత దూరం పోయారు.

"అబ్బ, ఎంత పద్ధతిగా వెళ్ళాడొదినా!" అంది హత్సునొ.

పద్ధతి! ఆ పద్ధతిని పొయ్యిలో పెట్టాలనిపించింది.

చీకటి పడే ముందు మాస్టారు పెరటి వైపు వచ్చాడు. గడప దాటలేదు. పిల్లనగ్రోవి అప్పటికే గుడి పెట్టెలో పెట్టి తాళం వేసేశారు. పెట్టె మూశాక, మళ్ళీ పండుగ నెల వచ్చేదాకా ఆ పాట ఎవరూ ఊదకూడదు, నోటితో అయినా పాడకూడదు.

"అత్తయ్యగారూ, ఈసారి తప్పు చెయ్యలేదు కదా?" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"లేదు మాస్టారూ. ఒక్కటీ తప్పు లేదు."

"వారం రోజులుగా ఒకటే భయమండీ. మీ ఇంటి ముందే తప్పు చేస్తే తొకుజి గారికి మొహం ఎలా చూపించను? మీ గోడ ఎక్కడ మొదలవుతుందో అడుగులు లెక్కపెట్టి మరీ గుర్తుంచుకున్నాను."

నవ్వి పంపించాను. ఇంత మంచివాణ్ణి ఏమని తిట్టను?

తలుపు వేసి మా ఆయన ఫొటో ముందు కూర్చున్నాను. ఊరందరికీ పద్ధతులు చెప్పే నేనే, గొంతు తగ్గించి ఆ పాట ఎత్తుకున్నాను. ఆ స్వరం దగ్గర పెదవి బిగించాను, నాలుక మడిచాను, పళ్ళకి వేలు అడ్డం పెట్టాను. కన్నీళ్ళు నోట్లోకి కారుతున్నా ఆపకుండా మళ్ళీ మళ్ళీ పాడాను.

డెబ్భై ఏళ్ళొచ్చినా నా పళ్ళు ఒక్కటీ కదల్లేదు. ఎన్నిసార్లు పాడినా ఆ స్వరం సరిగ్గానే వచ్చింది.