గుట్ట మీద చెరువు మట్టి

శరణమ్మ ఆటో ఆగేదాకా ఆగలేదు. మలుపు తిరగగానే గుట్ట మీద తన ద్రాక్షతోట కనిపించింది. ఎర్రగా ఉండాల్సిన నేల ఆ చివర నుంచి ఈ చివర దాకా కాటుక పూసినట్టు నల్లగా ఉంది. సంచీ సీట్లోనే వదిలేసి దూకింది.

కూతురి కాన్పుకని బీదర్ వెళ్లి నెల తిరగలేదు. ఈలోపల ఎవరో తోటలోకి చెరువు మట్టి తోలించారు. ట్రాక్టర్ల కొద్దీ తోలించి, పందిళ్ల కింద సాలుసాలుకూ పరిచి, ప్రతి తీగ మొదలు చుట్టూ ముద్దగా ఎగదోసి మరీ పోయారు. ఎంత శ్రద్ధ! పగబట్టినవాడు కూడా ఇంత శ్రద్ధగా చేసి ఉండడు.

భర్త బస్వరాజ్ పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఏ షిఫ్టు వేసినా నోరెత్తకుండా చేసి వచ్చే మనిషి, ఇంట్లోనూ అంతే.

"ఎవరు పోయించిన్రు?"

"మీ అన్ననే. నీకు జెప్పొద్దన్నడు. ఒచ్చి చూసి ఖుషీ అయితదన్నడు."

"మరి నువ్వేం జేసినవ్?"

బస్వరాజ్ నీళ్లు నమిలాడు. "డ్రైవర్లకు చాయ్ వోసిన."

ఆ మాటకు శరణమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అసలు ఈ గుట్ట ఆమె చేతికొచ్చిందే అన్న మాణిక్ పుణ్యాన. పంపకాల నాడు కింద ఉన్న నల్లరేగడంతా తన పేరున పెట్టుకుని, ఆడపిల్ల నోరు మూయించడానికి ఈ గరుసు నేలను ఆమె ముఖాన కొట్టాడు. గుక్కెడు నీళ్లు నిలవవు, పార దించితే రాయి ఖంగుమంటుంది. మేకలు కూడా మేయవని ఊరంతా నవ్వింది. నవ్వినకొద్దీ శరణమ్మకు పంతం పెరిగింది, ద్రాక్ష పెట్టింది. గుట్ట మీద పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది, వేరు రాళ్ల సందుల్లో దారి వెతుక్కుంటూ లోతుకు పోతుంది. గాలి ఆగదు కాబట్టి ఆకు తడి ఇట్టే ఆరిపోతుంది, బూజు పట్టదు. అందుకే మందు చుక్క కొట్టకుండా పేడతో, కషాయాలతో తోటను నిలబెట్టింది. పండు చిన్నది, తోలు కాస్త మందం, కానీ ఒకటి నోట్లో వేసుకున్నవాడు రెండోది అడగకుండా పోడు. జహీరాబాద్‌లో పండ్ల దుకాణం నడిపే అంజుమ్ ఆ గుత్తుల్ని వేరే బుట్టలో పెట్టి "గుట్ట అంగూర్" అని చెప్పి అమ్ముతుంది. ఆ రుచి ఆ రాళ్లిచ్చిందేనని శరణమ్మకు తెలుసు.

ఇప్పుడు ఆ రాళ్ల మీద జిగురు మట్టి. గట్టి వాన ఒక్కటి పడిందంటే కరిగి సందుల్లోకి దిగి బిగుసుకుంటుంది. నీళ్లు నిలుస్తాయి, వేర్లు కుళ్లుతాయి, బూజు వస్తుంది, బూజు వెనకే మందు డబ్బాలు వస్తాయి. మొగుడంపల్లి వైపు ఆకాశం అప్పటికే మబ్బుపట్టి ఉంది.

చెల్లెలు దిగిందని తెలిసి మాణిక్ బండి మీద వచ్చాడు. మెడలో తువ్వాల, ముఖమంతా నవ్వు.

"ఎట్లున్నది చెల్లే? బంగారమసొంటి మట్టి. నా అల్లం చేనుకు గూడ పోసుకోలే, ముందుగాల నీకే తోలిచ్చిన."

"నిన్నెవరడిగిన్రు?"

"అన్నను అడగాల్నా ఏంది?"

"నీ అల్లం మడుల్ల కొట్టిన మందంత పారి చేరేది ఆ చెరువులనే గదా! గదే తెచ్చి నా చెట్ల మొదట్ల పోసినవా? ఏటా బుట్టలు పంపిన, మంచిగున్నయన్నవ్. ఎట్ల మంచిగైనయో ఎన్నడన్న అడిగినవా?"

మాణిక్ ముఖం చిన్నబోయింది. తువ్వాలతో మెడ తుడుచుకుంటూ నేల చూశాడు.

"పంపకం నాడు నీకు రాళ్లిచ్చిన. గా సంగతి ఇన్నేండ్లు లోపల కొరుకుతనే ఉన్నది. జర నా తప్పు దిద్దుకుందామని..."

"రాళ్లిచ్చిన్నాడు గూడ నాకు గింత కోపం రాలే!" శరణమ్మ గొంతు కింది చేలదాకా వినిపించింది. "అన్యాలం జేసినవని ఆనాడు నీకెరుక, నాకెరుక. గా రాళ్లతోనే నేను బతికిన. ఇప్పుడు నీ మనసు తేలిక జేసుకునేటందుకు నా రాళ్లు గూడ గుంజుకున్నవ్."

బస్వరాజ్ గొంతు సవరించుకున్నాడు. "జేసీబీ పిలుద్దామా?"

"వేర్లు తెగుతయ్. చేతులతోనే ఎత్తాలె." పాకలోంచి పార తెచ్చి అన్న కాళ్ల ముందు పడేసింది. "పట్టు."

"చెల్లే, వాన నెత్తిమీదున్నది. అందరు విత్తనాల పనిల ఉన్నరు. మనుషులు యాడ దొరుకుతరు?"

"నువ్వున్నవ్ గదా."

పై సాలు నుంచి మొదలుపెట్టారు. ఆ పూటా ఎత్తారు, మర్నాడు తెల్లవారింది మొదలు మళ్లీ ఎత్తారు. మాణిక్ గీకుతుంటే బస్వరాజ్ తట్టలు మోసి గట్టు అవతల పోశాడు. శరణమ్మ పారా ఆగలేదు, నోరూ ఆగలేదు. అన్న చేతులు బొబ్బలెక్కడం చూసింది, చూసి కూడా కూర్చోమనలేదు.

పొద్దు వాలుతుండగా వాన దిగింది. కింది సాళ్లలో మట్టి ఇంకా అలాగే ఉంది. చూస్తుండగానే అది మెత్తబడి నిగనిగలాడింది, తీగల మొదళ్లలో నీళ్లు నిలిచాయి. ఆ సాళ్లు ఇక పోయినట్టే. శరణమ్మకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది.

పక్క తీగ దగ్గర మాణిక్ పార ఖంగుమంది. నల్లమట్టి కిందినుంచి పిడికెడంత ఎర్రరాయి పైకి తేలింది. చేలో రాయి కనిపిస్తే ఏరి పారేయడం చిన్నప్పటి నుంచీ అలవాటైన చెయ్యి. మాణిక్ దాన్ని పెకలించి గట్టు వైపు విసిరాడు.

"ఆ రాయి తీస్కరా!"

అతను తెల్లబోయి చూశాడు.

"ఏడికెల్లి తీసినవో ఆడనే పెట్టు. గది నా వాటా."

మాణిక్ వానలో గట్టుదాకా నడిచాడు. వంగి, బురదలో చేత్తో తడుముతూ వెతికి, ఆ రాయి పట్టుకుని తిరిగొచ్చాడు. తీగ మొదట్లో తాను తీసిన గుంటలోనే దాన్ని పెట్టి, అరచేత్తో అదిమాడు.

శరణమ్మ చూసింది. "ఇంకా చాన తీగలున్నయ్, ముందుకు జరుగు" అంది.