ఆవలింతలో రాఘవయ్య గారి గొంతు

ఇది కట్టుకథ అనుకునేవాళ్ళు ఇప్పుడే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోవచ్చు. సగంలో లేచి "ఇదెక్కడి విడ్డూరం" అంటే మాత్రం ఊరుకునేది లేదు. మండలాలు కొత్తగా వచ్చిన ఏడు, చాట్రాయి పక్కన మామిడితోటల మధ్య ఊళ్ళో, పట్టపగలు నలుగురూ చూస్తుండగా జరిగిన సంగతి ఇది.

వీరరాఘవయ్య గారి మీసం మీద నిమ్మకాయ నిలబడేదని చెప్పుకుంటారు గానీ, అది తక్కువ చేసి చెప్పడం. కొబ్బరికాయ నిలబడేది. ఒకసారి బురదలో దిగబడ్డ లారీని మామిడికాయల లోడుతో సహా భుజం ఆనించి గట్టెక్కించారు. లోపల డ్రైవరు నిద్ర కూడా చెదరలేదు. అంతటి మనిషి వేసవిలో రోజూ చేసే పని మాత్రం మామూలే. పొద్దున్నే తోటకెళ్ళి రాలిన కాయలు ఏరించడం, ఇంటికొచ్చి పెరుగన్నం తినడం, వసారాలో పడక్కుర్చీ వాల్చుకుని వచ్చేపోయేవాళ్ళకి తన ఘనకార్యాలు వినిపించడం.

ఆ వసారా మీద ఆస్బెస్టాస్ రేకులు. అలలు అలలుగా, బూడిద రంగులో ఉండే సిమెంటు రేకులు. గాలివానకి చెరుకురసం మామిడి కొమ్మ విరిగి మీద పడి, అవి బీటలిచ్చాయి. తెల్లారి చూస్తే ఆకాశంలో మళ్ళీ మబ్బు. ఇంట్లో చూస్తే ఆవకాయ.

ఆవకాయ ఆగదు. ఆయన భార్య బుజ్జమ్మ గారు హాలంతా దుప్పట్లు పరిచి ముక్కలు తుడుస్తున్నారు. తోటలో పనిచేసే మల్లయ్య పెళ్ళాం పార్వతి కాయలు కొడుతోంది. పార్వతి కూతురు సరోజ, ఇంకా మాటలు రాని పిల్ల, హాలు దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో నిద్రపోతోంది.

రాఘవయ్య గారు సుత్తి పట్టుకునేసరికి బుజ్జమ్మ గారి తమ్ముడు దశరథరామయ్య అడ్డం వచ్చాడు. బొంబాయి ఓడల రేవులో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు బాపులపాడులో ఉంటున్నాడు.

"బావగారూ, ఈ రేకులు పగలగొట్టకూడదండీ. ఆ దుమ్ములో కంటికి కనపడని పీచు ఉంటుంది. ఊపిరితో లోపలికి పోయిందంటే మళ్ళీ బయటికి రాదు."

"పీచు మామిడిపండులోనూ ఉంటుందోయ్. పుట్టినప్పటినుంచీ తింటున్నాను."

పార్వతి పైటచెంగు అడ్డుపెట్టుకుని నవ్వింది.

"నవ్వులాట కాదండీ. మా రేవులో ఈ సరుకు ఊడదీసినవాళ్ళలో కొందరు, ఎన్నో ఏళ్ళు గడిచాక, ఊపిరాడక మంచాన పడ్డారు. నాలుగు రోజులాగండి, పని తెలిసినవాళ్ళని మాస్కులతో సహా పిలిపిస్తాను. ఆగలేనంటే కనీసం రేకులు బాగా తడపండి. తడిగా ఉంటే దుమ్ము లేవదు. బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. పిల్లని, ఆడవాళ్ళని అవతలికి పంపండి."

తడపడం అన్నమాట చెవిన పడగానే బుజ్జమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏంటి తడిపేది? ముక్కలు ఆరబోసి ఉన్నాయి. ఆవకాయ పెట్టే ఇంట్లో నీటిచుక్క పడకూడదని అమ్మ నీకు చెప్పలేదా, తమ్ముడూ? పార్వతి తలంటుకుని వస్తేనే, జుట్టు ఆరేదాకా అరుగు మీద కూచోబెట్టాను. జాడీ బూజు పడితే ఏడాదంతా ఎవరు తింటారు?"

అంతే. ఆ ఇంట్లో ఆ పూట నీళ్ళకి ప్రవేశం లేకుండా పోయింది.

రాఘవయ్య గారు నిచ్చెన కూడా అక్కర్లేదన్నారు. ఒక్క అంగలో గోడెక్కి సుత్తి ఎత్తితే, మొదటి దెబ్బకి జి. కొండూరులో గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. రేకులు పెళపెళా విరిగాయి. తెల్లటి దుమ్ము లేచి కిటికీలోంచి హాల్లోకి నడిచొచ్చింది. ముక్కల మీద కప్పిన గుడ్డ మీద, పార్వతి జడ మీద, ఉయ్యాల్లో సరోజ కనురెప్పల మీద కూచుంది. దశరథరామయ్య ముక్కుకి తువ్వాలు కట్టుకుని, ఉయ్యాలవైపు వెళ్ళి, "అమ్మాయ్, పిల్లని తీసుకుని బయటికి రా" అన్నాడు.

పార్వతి చెయ్యి ఆపి, పైనున్న అయ్యగారి వంక చూసింది.

రాఘవయ్య గారు గోడ మీద నుంచే అరిచారు. "దుమ్ముకి భయపడేవాడు రైతెట్టా అవుతాడు? నాకేం కాదు, మీకేం కాదు."

పార్వతి మళ్ళీ కత్తి ఎత్తింది. తర్వాత ఆ దుమ్మంతా పొడి చీపురుతో ఊడ్చింది కూడా ఆమే. విరిగిన రేకుముక్కలు మల్లయ్య ఎత్తిపోశాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బుజ్జమ్మ గారికి ఆవలింత వచ్చింది. అలవాటుగా నోటిముందు చిటికె వేసుకున్నారు. ఆ నోట్లోంచి మొగుడి గొంతు వచ్చింది. "నాకేం కాదు, మీకేం కాదు."

"మీ గొంతేనండీ" అన్నారావిడ, తమలపాకు తుడుచుకుంటూ.

సాయంత్రానికి పార్వతికీ వచ్చింది, మల్లయ్యకీ వచ్చింది. దుమ్ము ఏ మాటతో లేస్తే ఆ మాటనే పట్టుకుని లోపలికి పోతుంది గదా అన్నారు ఊళ్ళో పెద్దవాళ్ళు. కాదన్నవాళ్ళు లేరు. మల్లయ్య ఆవలిస్తే పక్కవాళ్ళు ఒక చిటికె మల్లయ్యకీ, ఇంకోటి అయ్యగారికీ వేసేవాళ్ళు.

మొదట్లో రాఘవయ్య గారు మురిసిపోయారు. దండోరా వెయ్యకుండానే తన గొంతు బాపులపాడు దాకా వెళ్తోంది మరి. కానీ దశరథరామయ్య పోరు పడలేక భార్యని నూజివీడు డాక్టరుకి చూపించారు. ఆయన ఎక్స్‌రే దీపానికి ఎత్తిపట్టి చూశాడు.

"ఇప్పుడేమీ కనపడదండీ. జబ్బు వస్తే ఎన్నో ఏళ్ళకి వస్తుంది. రాకపోవచ్చు కూడా. లోపలికి పోయినదాన్ని తీసే మందు మాత్రం లేదు."

తిరుగు బస్సులో బుజ్జమ్మ గారు ఆవలించారు. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. రాఘవయ్య గారు తువ్వాలు మొహమ్మీదకి లాక్కుని కిటికీవైపు తిరిగిపోయారు.

ఆ తర్వాత పడక్కుర్చీ మడిచేశారు. లారీ కథ ఎత్తుకుంటే ఎవరో ఒకరు ఆవలించేవారు. ఆయనకి ఒక్క ఆశే మిగిలింది. సరోజ. పిల్ల ఆవలిస్తే ఏమీ వచ్చేది కాదు. గొర్రుకి మేకు కావాలనో, మేకకి ఆకు కావాలనో వంక పెట్టి రోజూ మల్లయ్య గుడిసె ముందు నిలబడేవారు. పిల్ల బుల్లి నోరు తెరిచి, ఊరికే మూసేది. అప్పుడు ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్ళేవారు. పిల్ల లోపలికి పోలేదు, పోలేదు, అని దారంతా గొణుక్కుంటూ.

ఇంతలో సర్పంచ్ వీరభద్రరావు వచ్చాడు. "బాలవాడీ మీదివీ ఆ సిమెంటు రేకులే, గాలివానకి బీటలిచ్చాయండి. మీ సుత్తి పడితే గంట పని కదా."

కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెప్తే, ఇంట్లో చేసింది తప్పని ఒప్పుకున్నట్టే. "అరగంట" అన్నారు రాఘవయ్య గారు.

వెళ్ళేసరికి పిల్లలంతా ఉప్మా కోసం గిన్నెలు పట్టుకుని ఆ రేకుల కిందే కూచున్నారు. ఆయన నిచ్చెనెక్కారు. ఈసారి అడిగి మరీ వేయించుకున్నారు నిచ్చెన. అప్పుడే పార్వతి సరోజని దించడానికి వచ్చింది. బాలవాడీ టీచరు మంగమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల ఆవలించింది. మంగమ్మ చిటికె వేసింది.

రెండే పళ్ళున్న ఆ నోట్లోంచి మీసాల గొంతు వచ్చింది. "దుమ్ముకి భయపడేవాడు రైతెట్టా అవుతాడు? నాకేం కాదు, మీకేం కాదు."

పిల్లలు పకపకా నవ్వారు. పార్వతి పైకి చూడలేదు. కొంగుతో పిల్ల మూతి తుడిచింది.

"ఇదే మొదటి మాటండి టీచరుగారూ. అమ్మ అంటుందో నాన్న అంటుందో అనుకున్నాం. అయ్యగారి మాట వచ్చింది" అంది, మామూలుగానే.

రాఘవయ్య గారు నిచ్చెన దిగారు. సుత్తి కింద పెట్టేశారు.

"ఏంటండీ, దిగారే?" అన్నాడు వీరభద్రరావు.

"నాకు చేతకాదు."

"ఊరుకోండి, మీకు చేతకాకపోవడమేంటి?"

"చేతకాదన్నాను కదయ్యా. మొన్న మా ఇంట్లోనూ చేతకాలేదు. పిల్లల్ని ముందిక్కణ్ణుంచి పంపించండి. బాపులపాడుకి మనిషిని పంపి మా దశరథాన్ని రమ్మనండి."

ఆ మాట పార్వతికి చెప్పాలని ఆమె వైపు రెండడుగులు వేశారు. ఆమె గబుక్కున లేచి, అయ్యగారికి దారిచ్చి పక్కకి తప్పుకుంది. ఆయన చెప్పకుండానే ఆ దారినే బయటికి నడిచారు.

దశరథరామయ్య పిలిపించిన మనుషులు మాస్కులు కట్టుకుని వచ్చారు. రేకులు నానేలా తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించి, టార్పాలినులో చుట్టి, బావులకి దూరంగా లోతుగా పూడ్చారు. ఊరివాళ్ళనెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆ నీళ్ళు మోసింది రాఘవయ్య గారు. తోటలున్న ఆసామి భుజాన కావడి పెట్టుకుని, హద్దుగా కట్టిన తాడు దాకా తెచ్చి దించి వెళ్తుంటే, ఎదురైనవాళ్ళు చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు. ఆయన మోసిన నీళ్ళు కలిపితే తమ్మిలేరు రెండుసార్లు పారేది.

కొత్త పెంకుల కింద బాలవాడీ తెరిచిన రోజు ఆయన లోపలికి వెళ్ళలేదు. గోడవతల నిలబడ్డారు. ఉప్మా తిని పిల్లలు చాపల మీద వాలారు. ఒకరి తర్వాత ఒకరు ఆవలించారు. వచ్చింది ఒట్టి ఊపిరి. ఆయన ఒక్కొక్కటీ విన్నారు. చివర్న సరోజ ఆవలించింది. ఆయన తలొంచుకుని, ఆ నోట్లోంచి వచ్చిన తన మాట పూర్తయ్యేదాకా విని, ఇంటిదారి పట్టారు.

ఇంకా నమ్మకం కుదరకపోతే చాట్రాయి బస్సెక్కండి. ఆ రోజు పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకున్న మనిషి ఉంది, అడగండి. పేరు మంగమ్మ.