కంచె లేని తోట

కెజియాకు ఆ మనిషి మీద మొదటిరోజే అనుమానం పుట్టింది. పనీపాటా లేనట్టు ఊరి బీడు గట్టున మడతకుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని, దాని మీద బొటనవేలు పైకీ కిందకీ జరుపుతూ ఆమె ఇంటినీ తోటనూ చూస్తాడు. ఆ తర్వాత ఏదో గీసుకుంటాడు. కొలవడం కాకపోతే అదేమిటి మరి?

"బొమ్మలేసేవాడటే. పేరు పెల్హమ్ దొరట. లండన్ నుంచి వచ్చాడట," అన్నాడు మొగుడు ఈనాక్ బార్లీ రొట్టె నములుతూ.

"ఆహా! లండన్‌లో ఇళ్లు లేవు పాపం, మన గడ్డి కప్పు కోసం ఇంతదూరం వచ్చాడు! ఎవడేం చెప్పినా నమ్మేస్తావు. వాడు సర్వేవాళ్ల మనిషయ్యా!"

ఆ ఏడు ఇంగ్లండులోని సఫోక్ పల్లెల్లో ఎవరిని కదిపినా ఇదే భయం. ఊరుమ్మడి బీళ్లను కొలిచి పెద్ద కమతాలవాళ్లకు పంచేస్తున్నారు. పాత కంచె ఉన్న తోట సాగుచేసుకుంటున్నవాళ్లకే దక్కుతుందనీ, కొత్తగా బీడు ఆక్రమించినవాళ్లకు మాత్రం మొత్తం తోటే ఊడుతుందనీ చర్చిలో చదివి వినిపించారు. కెజియా తోటకు మామగారి కాలంనాటి కంచె ఉంది. అయితే పోయిన వసంతంలో, బంగాళాదుంపలకు చోటు చాలక, ఆమే దాన్ని బారెడు బీడులోకి జరిపింది. ఆ బారెడు నేల ఇప్పుడు గుండెల మీద కుంపటైంది. తోట పోతే చలికాలం పిల్లలకు ఏం పెట్టాలి?

అతని చూపుకు అడ్డంగా దుప్పట్లు ఆరేసింది.

"కాస్త అవి తీస్తారా అమ్మా?" అన్నాడు పెల్హమ్ మర్యాదగా.

"ఏం దొరా, వెనకాల ఏముందో చూడాలా?"

"అక్కడే కదమ్మా అందమంతా ఉంది!"

ఆ మర్యాద చూశాక అనుమానం రెట్టింపైంది. పందిని అతని మీదికి తోలింది. అది వెళ్లి అతని రొట్టె తిని, అతని కాళ్ల దగ్గరే పడుకుంది. దీనికీ సిగ్గులేదని తిట్టుకుంది.

ఇక లాభం లేదని ఆ సాయంత్రమే కంచె మొత్తం పీకి, గుంతలు పూడ్చి గడ్డి పెళ్లలు కప్పేసింది. పొద్దున్నే పాత హద్దు మీద పాతుకోవచ్చని గుంజలు పాకలో పెట్టింది.

తెల్లారాక ఈనాక్ గడ్డపార అందుకునేలోపే నేల కొలిచే గొలుసు పట్టుకుని ఇద్దరు దిగారు. వాళ్లే అసలు సర్వేవాళ్లు. పెద్దాయన తోటకేసి ఓసారి చూసి, "కంచె లేదు. ఇదీ బీడే," అన్నాడు.

"అయ్యో, నిన్నటిదాకా ఉంది దొరా! గుంజలు పాకలో ఉన్నాయి!"

"పాకలో ఉంటే అవి కట్టెలమ్మా, కంచె కాదు."

కెజియాకు చప్పున పెల్హమ్ గుర్తొచ్చాడు. సాక్షి ఉన్నాడుగా! పరుగున గట్టు దగ్గరికి వెళ్లి, బొమ్మతో సహా అతన్ని లాక్కొచ్చింది.

"ఇన్నాళ్లూ చూసి చూసి గీశారుగా, చూపించండి దొరా!"

అతను బొమ్మ మీది గుడ్డ తొలగించాడు. గడ్డి కప్పు ఇల్లు, గులాబీలు, చిక్కుడు పందిరి అన్నీ ఉన్నాయి. తోట మాత్రం హద్దన్నది లేకుండా బీడు గడ్డిలో కలిసిపోయి ఉంది.

"కంచేది?" అంది కెజియా.

"వంకరటింకరగా ఉంది కదమ్మా... చూపుకు అడ్డమొస్తోందని వదిలేశాను."

"నీ చూపు మండిపోను!" అని అక్కడే కూలబడింది కెజియా.

సర్వే పెద్దాయన బొమ్మను తీరిగ్గా చూశాడు. "బాగుంది. అయితే నిన్న కూడా కంచె లేదన్నమాట," అంటూ గొలుసును బంగాళాదుంప మడి మీదుగా లాగమన్నాడు.