బల్లకాలి కింద మడమల పుస్తకం

మీరే చేశారు. నర్సింగులో పీహెచ్‌డీలు పంచిపెట్టే పెద్దలారా, నన్ను ఈ బల్లకాలి కింద తొక్కిపెట్టింది మీరే.

నేను ఒక రెండు వందల పేజీల రూళ్ల పుస్తకాన్ని. పుట్టుక గురించి చెప్పుకోడానికేం లేదు. ఆసుపత్రి గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో సలోమి సిస్టర్ నన్ను కొంది. ఎముకల వార్డులో పద్నాలుగేళ్లు పనిచేసిన నర్సు ఆమె. తుంటి విరిగి కదలకుండా పడుకున్నవాళ్లకు పుళ్లు పడతాయి కదా, వాళ్ల వీపులూ నడుములూ రోజూ చూసి నాలో రాసేది. ఓ పొద్దున ఒక రోగి పెళ్లాం నూకాలు ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"నడ్డి కాదు సిస్టరమ్మా, మడం సూడు. ముందల అక్కడే నల్లబడింది మా ఆయనకి. ఇన్నాళ్లూ ఎవులూ దుప్పటెత్తి సూడనేదు."

ఎత్తింది. మడమ బొగ్గులా ఉంది. పై నెలలో ఆ కాలు తీసేశారు. అదీ నాలో ఉంది.

ఆ తర్వాత నా పేజీల నిండా మడమలే. నలభై ముగ్గురిని చూసి రాసింది. పదిహేడు మందికి పుండు మడమ దగ్గరే మొదలు. పిక్క కింద దిండు పెట్టి, మడమ పరుపుకి తగలకుండా లేపితే పుండు ఆగుతుందా? ఇదీ ఆమె ప్రశ్న. ఎలా తేల్చాలో తెలియదు. నేర్పుతారనుకునే పీహెచ్‌డీలో చేరింది. పిచ్చిది!

పరిశోధన ఎలా చెయ్యాలో ఆరు నెలలు పాఠాలు చెప్పాలి. రెండు పూటలు చెప్పారు. మిగతా రోజుల హాజరు సంతకాలన్నీ ఒక్కచోట కూర్చోబెట్టి, ఒకే పెన్నుతో పెట్టించారు. గైడు హైమావతి మేడమ్‌కి అప్పటికే ఏడుగురు శిష్యులు. నన్ను రెండు వేళ్లతో తిప్పి పక్కన పడేసింది.

"ఏంటమ్మా ఇది, మడమలా? ఇవి తేలేవి కావు. స్టూడెంట్లకి ఓ పరీక్ష పెట్టు, పాఠం చెప్పు, మళ్లీ అదే పరీక్ష పెట్టు. మార్కులు పెరుగుతాయి. థీసిస్ అయిపోతుంది."

పెరగవా మరి! జవాబులు చెప్పి అవే ప్రశ్నలడిగితే అట్టముక్కని నేనూ పాసవుతాను. ఆ ఏడుగురూ అదే చేశారు. ఎనిమిదోది సలోమి. వైవా పరీక్షకి వచ్చినాయన అడిగిన ఒక్క ప్రశ్న, భోజనం ఎక్కడని. చప్పట్లు, శాలువా. అదే వారం, మేడమ్ గదిలో బల్ల ఊగుతోందని నన్ను మడిచి కాలి కింద దూర్చారు.

ఇప్పుడు ఆ బల్ల వెనక కూర్చున్న గైడు ఎవరనుకున్నారు? డాక్టర్ సలోమి.

మొన్న కరుణశ్రీ అనే నర్సు వచ్చింది. "మేడమ్, మా వార్డులో గొట్టాలు పెట్టిన పసిపిల్లల ముక్కులు ఒరుసుకుపోతున్నాయండీ. దాని మీద చేస్తాను."

సలోమి కాలి చెప్పు నా అట్టకు తగిలి ఆగింది. నన్ను బయటికి లాగుతుందనుకున్నాను.

"తేలేది కాదమ్మా. స్టూడెంట్లకి ఓ పరీక్ష పెట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆమెనేం అనను. తనకు నేర్పనిది ఆమె ఎక్కణ్ణుంచి తెచ్చి నేర్పుతుంది?

మిమ్మల్నే అంటాను. ఆరు నెలల పాఠం ఆరు నెలలూ చెప్పండి. చెప్పడం రానివాళ్లను గైడుగా కూర్చోబెట్టకండి. ఒక్కరికి ఎనిమిదేసి మందిని అంటగట్టకండి. వార్డులో పుట్టిన ప్రశ్నను వార్డులో తేల్చనివ్వండి. అంతకంటే ముందు నన్ను బయటికి లాగండి. బల్ల ఊగితే ఊగనీ.

ఎముకల వార్డులో ఇప్పుడు కూడా ఎవరిదో మడమ పరుపుకి ఆనుకునే ఉంది. వెళ్లి దుప్పటి ఎత్తండి.