బరంపురం క్యారేజీ

నేను ఒక స్టీలు క్యారేజీని అని చెప్పుకోవడానికి ఒకప్పుడు నాకు ఏ సందేహమూ ఉండేది కాదు. మూడు గిన్నెలు, ఒక మూత, వాటిని కలిపి బిగించే చట్రం, పైన చేతికి పట్టు. నేనంటే ఇంతే. ఈ మధ్య ఆ లెక్క కొంచెం చెదిరింది. తీరిక ఉంటే వినండి. నాకైతే చాలా తీరిక ఉంది.

తయారైన చోటు నాకు సరిగ్గా గుర్తు లేదు. పలచటి రేకు, దాని మీద పడే బరువైన అచ్చు, ఆగకుండా మోత. తెలివి వచ్చేసరికి బరంపురం బజారులో ఒక పాత్రల కొట్టులో వేలాడుతున్నాను. నన్ను కొన్నవాడు సన్యాసిరావు. అదే బజారులో ఒక బట్టల కొట్టులో చీరలు విప్పి చూపించడం అతని పని, ఇల్లు ఇచ్ఛాపురంలో. కొట్టువాడు నా మూత మీద చుక్కలు చుక్కలుగా అతని పేరు కొట్టి ఇచ్చాడు. ఒరిస్సాలో కొన్న వస్తువు ఆంధ్రాలో కాపురానికి వెళ్లింది. నన్ను ఎవరూ ఏ ధ్రువపత్రమూ అడగలేదు.

ఇచ్ఛాపురం ఆంధ్రలో చివరి ఊరు. ప్యాసింజరు ఎక్కితే అరగంటలో బరంపురం. మధ్యలో ఎక్కడో రాష్ట్రం మారుతుందట. పద్నాలుగేళ్లు రోజూ దాటినా, అది ఎక్కడో నేను కనిపెట్టలేకపోయాను. పప్పు రుచి మారేది కాదు, పెరుగు పులుపెక్కేది కాదు. అసలు ఇచ్ఛాపురం వాళ్లకు బరంపురం పొరుగు రాష్ట్రం కాదు, వాళ్ల బజారు. పెళ్లిబట్టలకూ అక్కడికే, పంటినొప్పికీ అక్కడికే, పురిటికీ అక్కడికే. సన్యాసిరావు భార్య దమయంతి కూడా అక్కడి పెద్దాసుపత్రిలోనే ప్రసవించింది. హైమ పుట్టిన ఆ పది రోజులూ పథ్యం అన్నం మోసింది నేనే.

ఐదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం సన్యాసిరావు రెండు గిన్నెలు ఖాళీ చేసి, మూడోది తెరవకుండానే కొట్టు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రం నన్ను ఇంటికి తెచ్చిన చెయ్యి వేరేది. నాలుగు రోజుల తర్వాత ఎవరో నన్ను తోమి ఆరబెడితే, దమయంతి తీసి వంటింటి అటక మీద పెట్టింది.

అటక మీద కాలం ఎలా గడుస్తుందో చెప్పడం కష్టం. కింద తల్లీకూతుళ్లు ఇద్దరే. దమయంతి జీడిపిక్కల బట్టీలో పప్పు మీది పొట్టు తీసే పనికి కుదిరింది. మధ్యాహ్నం తినడానికి ఏమీ తీసుకెళ్లేది కాదు. పొద్దున గంజి తాగి వెళితే మళ్లీ సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి తినేవారు. కూతురు ఎదురుగా లేకపోతే ముద్ద దిగదని ఆమె ఎవరితోనో అనగా విన్నాను. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ సంవత్సరం హైమ ఇంటర్ పూర్తి చేసింది. ఫార్మసీ చదువుతానంది. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి విశాఖపట్నంలో. ఫీజు ప్రభుత్వం కడుతుంది, కానీ హాస్టల్లో ఉండాలి, పండగలకు తప్ప రావడం కుదరదు. రెండోది బరంపురంలో ఒక ప్రైవేటు కాలేజీ. ఫీజు సొంతంగా కట్టుకోవాలి, కానీ పొద్దున ప్యాసింజరుకు వెళ్లి సాయంత్రం ప్యాసింజరుకు వచ్చేయొచ్చు. రెండింటికీ శుక్రవారమే ఆఖరు.

దమయంతి ఒక్క పూట కూడా ఆలోచించలేదు. స్టూలు వేసుకుని నన్ను దించింది. చింతపండు పెట్టి తోమింది. ఐదేళ్ల తర్వాత నా అడుగున వేడి అన్నం పడింది. మధ్య గిన్నెలో ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర, పై గిన్నెలో పెరుగన్నం. బుధవారం పొద్దున తల్లీకూతుళ్లతో కలిసి నేనూ రైలెక్కాను. ఇక రోజూ ఇదే దారి అనుకున్నాను. నా స్వార్థం నాది. దాచుకోవడం దేనికి.

దారిలో బట్టీలో పనిచేసే రాజులమ్మ కలిసింది. ఆమె బరంపురం ఆసుపత్రికి వెళుతోంది. సంగతి విని, మంచి పని చేస్తున్నావంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా పిల్ల సాయంత్రానికి కళ్ల ముందు ఉంటుందంది. దమయంతి సంచిలోంచి ఒక కాగితం తీసి ఆమెకు చూపించింది. హైమ పుట్టిన పత్రం. ఒడియా అక్షరాల్లో ఉంది. ఆ కాలేజీలో అక్కడి పిల్లలకు ఒక ఫీజు, బయటి రాష్ట్రం వాళ్లకు ఒక ఫీజు అని దమయంతి విన్నది. తన కూతురికి ఆ బెంగ లేదనుకుంది. పుట్టింది అక్కడ, తండ్రి పనిచేసింది అక్కడ, పోయింది కూడా అక్కడే. ఇంకా బయటిది ఎలా అవుతుంది?

కాలేజీ ఆఫీసులో బల్ల వెనక ఉన్న గుమాస్తా తెలుగు వచ్చినవాడే. పత్రాన్ని మర్యాదగానే చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆధార్ కార్డు అడిగి తీసుకున్నాడు. దమయంతిని వాళ్ల భాషలో మౌసీ, అంటే పిన్నీ, అని పిలిచాడు.

"పుట్టడం వేరు, ఉండడం వేరు మౌసీ. మీరు ఉండేది ఆంధ్రాలో. బయటి పిల్లలకి ఫీజులో ఇంకో సగం ఎక్కువ."

"మీ ఆస్పత్రిలోనే పుట్టినాది బాబూ. మీ అచ్చరాల్లోనే రాసున్నాది, సూడండి."

"చదివాను మౌసీ. ఆస్పత్రిలో ఎవరైనా పుట్టొచ్చు. ఇక్కడ ఇల్లు ఉండాలి."

నాలుగు గంటల దూరంలో ఉన్న విశాఖపట్నం లోపలిదట. అరగంట దూరంలో ఉన్న బరంపురం బయటిదట. పదేళ్లకు పైగా అన్నం మోసి నేను నేర్చుకున్న భూగోళం ఆ బల్ల దగ్గర తప్పని తేలింది. మనుషులు దూరాన్ని మైళ్లలోనూ కొలవరు, గంటల్లోనూ కొలవరు. కాగితాల్లో కొలుస్తారు.

దమయంతి వాదించలేదు. రేపు ఫీజు తెచ్చి కడతానని చెప్పి, పత్రం మడిచి సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది.

స్టేషన్లో మధ్యాహ్నం రైలుకు ఇంకా గంట ఉంది. బెంచీ మీద కూర్చుని హైమ నన్ను విప్పింది. పొద్దున కలిసిన రాజులమ్మ మందుల చీటీ పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. జరిగినది విని బుగ్గలు నొక్కుకుంది.

"రైలు టిక్కెట్టు కన్నా గీత దాటడానికే ఎక్కువేటే? ఆ గీత దేంతో గీసారో గానీ, ముగ్గుపిండి బంగారంలా మా పిరిమయినట్టున్నాది."

దమయంతి కూడా నవ్వింది. కూతురికి అన్నం కలిపి ఇస్తూ, అంతా కుదురుతుందని చెప్పింది. పొట్టు తీసే పని మానేసి పిక్కలు కొట్టే వైపు మారుతానంది. అక్కడ కూలీ ఎక్కువ. ఆ మాటకు రాజులమ్మ నవ్వు ఆగిపోయింది. తన రెండు చేతులూ ఒళ్లో బోర్లా పెట్టుకుంది. ఆమె పిక్కలు కొట్టే వైపే పనిచేస్తుంది. జీడి నూనె తగిలి ఆమె వేళ్లు నల్లగా, తోలు లేచి ఉన్నాయి. వేళ్ల సందుల్లో మందు రాసుకుని ఉంది. ఆసుపత్రికి వచ్చింది అందుకేనని హైమకు అప్పుడు అర్థమైంది. నాకూ.

హైమ చేతిలోని ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేసింది.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. ఈ ఎక్కువ ఫీజు నా చదువుకా, నేను సాయంత్రం ఇంటికి రావడానికా?"

ఒక గూడ్సు బండి వచ్చింది, దమయంతి పెట్టెలన్నీ పోయేదాకా చూస్తూ కూర్చుంది. అదే పాఠం, అదే పట్టా. రెండు చోట్లా చెప్పేది ఒకటేనని హైమ ముందే తెలుసుకుని ఉంది. విశాఖ కాలేజీ పాతది, అక్కడ ప్రయోగశాల బాగుంటుందని కూడా విన్నది. తల్లికి మాత్రం ఆ మాట చెప్పలేదు. తల్లీ అడగలేదు.

"నీకోసం కాదే," అంది చివరికి దమయంతి. "నాకోసమే. ఒక్కదాన్నే ఇంట్లో ఎలాగుండాలో నాకు తెలీదు. మీ నాన పోయినప్పుడు నువ్వున్నావు."

రాజులమ్మ లేచి, నీళ్లు తాగి వస్తానని కొళాయి వైపు వెళ్లింది. ఆమెకు దాహం లేదని నాకు తెలుసు.

హైమ అప్పుడు తల్లి వైపు తిరిగి, నువ్వు రమ్మంటే రోజూ వస్తాను, ఇక్కడే చేరతాను, కానీ ఆ పనికి మాత్రం వెళ్లకు అంది. దమయంతి తల అడ్డంగా ఊపింది. రెండూ కలిసి కుదరవని ఆమెకు తెలుసు. గిన్నెలో మిగిలిన అన్నం నాలుగు ముద్దలుగా చేసి కూతురి చేత తినిపించింది. నన్ను బిగించింది. రైలు వస్తున్న చప్పుడు వినిపించాక, "ఇసాపట్నం ఎల్లు," అంది. అంతే. నేను బరంపురం చూడడం అదే ఆఖరు.

ఆదివారం హైమ పెట్టె సర్దుకుంది. దారిలో తినడానికి దమయంతి నన్ను నింపబోయింది. హాస్టల్లో కూడా పనికొస్తుంది, నాన్న వస్తువు, ఉంచుకొమ్మంది. నాకు మళ్లీ ఆశ పుట్టింది. విశాఖపట్నం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. హైమ నన్ను తీసి పక్కన పెట్టింది. హాస్టల్లో కంచం వాళ్లే ఇస్తారని చెప్పింది. తల్లి చేత మధ్యాహ్నం బట్టీకి అన్నం తీసుకెళ్తానని ఒట్టు వేయించుకుంది. నేను రోజూ ఒంటిగంటకు ఫోన్ చేస్తాను, తిన్నావో లేదో చెప్పాలి అంది.

దమయంతి మాట తప్పే మనిషి కాదు. మర్నాడు పొద్దున నన్ను ముందు పెట్టుకుని కూర్చుంది. అన్నం ఒక గిన్నెకే వచ్చింది. దాని మీదే కొంచెం పులుసు పోసింది. పైన రెండు ఖాళీ గిన్నెలు మోసుకుపోవడం దండగ అనిపించింది కాబోలు. ఒక్క గిన్నెనే చట్రంలో పెట్టి చూసింది. అది మూడింటికి సరిపోయేలా చేసిన చట్రం, ఒక్కదాన్ని పట్టి ఉంచదు. ఇటూ అటూ కొట్టుకుంది. చివరికి ఆ గిన్నెకు మూత పెట్టి, పాత చీర ముక్కలో మూట కట్టుకుని వెళ్లింది. మిగతా రెండు గిన్నెలూ, చట్రమూ వంటింటి గట్టు మీద ఉండిపోయాయి.

ఇప్పుడు చెప్పండి, వీటిలో నేను ఏది? బట్టీకి వెళ్లే గిన్నెనా, ఇంట్లో ఉన్న రెండు గిన్నెలనా? ఒకేసారి రెండు చోట్ల ఉండడం మనుషులకే చేతనవుతుందనుకునేదాన్ని. గట్టు మీద పొద్దంతా చప్పుడుండదు. పాలవాడు కేకేసి వెళ్లిపోతాడు. కిటికీలోంచి వచ్చే ఎండ ఖాళీ గిన్నెలో కాసేపు నిలబడి వెళ్లిపోతుంది.

బట్టీలో మాత్రం ఒంటిగంటకు ఫోన్ మోగుతుంది. ఆడవాళ్లు పని ఆపి గోడ నీడన కూర్చుంటారు. దమయంతి కాస్త దూరంగా కూర్చుని మూటను ఒళ్లో పెట్టుకుని మాట్లాడుతుంది. అక్కడ వానలు పడుతున్నాయా అని అడుగుతుంది. ప్రయోగశాలలో తెల్ల కోటు వేసుకున్నావా అని అడుగుతుంది. అవతలి నుంచి ప్రతిరోజూ వచ్చే ప్రశ్న వస్తుంది.

"తిన్నానే. ఇప్పుడే," అంటుంది.

ఆమెకు అబద్ధం అలవాటు లేదు. ఫోన్ పెట్టేసి, మూట విప్పి, తినడం మొదలుపెడుతుంది.